మా కుక్క కరవదండీ!



"మా కుక్క కరవదండీ, ధైర్యంగా లోపలికి రండి" అన్న మాట వినిపించని వీధి ఉండదు. గేటు దగ్గర జంకుతూ నిలబడిన పోస్టుమాన్‌తోను, పాలు పోసేవానితోను, కరెంటు మీటరు చూడవచ్చిన అబ్బాయితోను ఇంటివారు అనే మాట ఇది. నేనూ అన్నాను. అన్న తర్వాత ఏమి జరిగిందో ముందుగా చెప్పి, ఈ విషయంలో చట్టం ఏమంటుందో, న్యాయం మన నుండి ఏమి కోరుతుందో ఈ వారం పాఠంగా తెలుసుకుందాం.

నేను ఇంతకు ముందు పనిచేసిన విచారణలో ఒకసారి గుడి ఆవరణలో దొంగలు పడి మైకుసెట్టు ఎత్తుకుపోయారు. కాపలాకు ఉంటుందని ఒక విశ్వాసి కుక్కపిల్లను తెచ్చి ఇచ్చారు. రెండేళ్ళలో అది బాగా ఎదిగింది. నాతో ఎంతో చనువుగా ఉండేది. ఒక ఉదయం పేపరు వేసే కుర్రవాని పంట్లాము పట్టి లాగింది. "ఫాదర్‌గారూ, దీన్ని పగటిపూట కట్టేయిస్తే మంచిదండీ" అన్నారు మా ఉపదేశిగారు. "అది కరవదు లెండి, ఆడుకుంటోంది" అన్నాను.

నెల తిరగకముందే, సత్యోపదేశం తరగతికి వచ్చిన తొమ్మిదేళ్ళ బాబు చాక్‌పీసుల కోసం విచారణ గృహం మెట్లెక్కాడు. కుక్క పిక్క పట్టుకుంది. రెండు చోట్ల పళ్ళు దిగాయి, ఒక చోట కండ చీలింది.

ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాం. టీకా, గాయంలో వేసే మందు ఉచితంగానే వేశారు. ఆటో చార్జీ నేనే ఇచ్చాను. పండ్లు, బిస్కెట్లు కొనిచ్చాను. బాబు తలపై చేయి ఉంచి ప్రార్థించాను. అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను. కాని అది మిరపకోతల కాలం. ఆ బిడ్డ తల్లి కోతకు వెళితేనే ఆ ఇంట పొయ్యి వెలుగుతుంది. సూదిమందు వేయించిన రోజులు, కట్టు మార్పించిన రోజులు, బిడ్డకు జ్వరం తగిలి ఇంటివద్దే ఉన్న రోజులు అన్నీ కలిపి ఆమె పదకొండు రోజుల కూలి పోగొట్టుకుంది. ఈ సంగతి కూడా నాకు ఉపదేశిగారే చెప్పారు. ఆయన మాటలో గద్దింపు లేదు, లెక్క మాత్రమే ఉంది.

ఆ తల్లిని పిలిపించి అడిగాను. "మీ కుక్కే కదా ఫాదర్‌గారూ, పోనీండి. దేవుని సొమ్ము మాకెందుకండీ?" అన్నది. ఆమె తిట్టి ఉంటే నాకు ఇంత బాధ కలిగేది కాదు.

ఎద్దు యజమానికి ముందే తెలుసా?

ఆ రాత్రి నిద్ర పట్టక నిర్గమకాండము 21వ అధ్యాయం తెరిచాను. 28 నుండి 32 వరకు గల వచనాలలో పొడిచే ఎద్దును గురించిన చట్టం ఉంది. గురువిద్యాలయంలో చదివే రోజుల్లో, ఇది పశువులు కాచుకొనేవారి చట్టం, మనకెందుకులే అని దాటిపోయిన భాగం అది. ఆ రాత్రి మాత్రం నన్ను పేరు పెట్టి పిలిచినట్లయింది. ఎద్దు ఉన్నట్టుండి మనిషిని పొడిచి చంపితే ఎద్దును చంపాలి, యజమాని నిర్దోషి. కాని ఆ ఎద్దుకు పొడిచే అలవాటు ఉందని యజమానిని ముందే హెచ్చరించినా అతడు దానిని కట్టి ఉంచక, అది మనిషి ప్రాణం తీస్తే, ఆ అపరాధం యజమానిది కూడా. విధించిన వెల చెల్లించి అతడు తన ప్రాణాన్ని విడిపించుకోవచ్చు. రెండు సందర్భాలలోను ఎద్దు ఎద్దే, పోటు పోటే. తేడా అంతా యజమాని చెవిలో పడిన ఆ ఒక్క హెచ్చరికలో ఉంది.

ఈ ఆలోచన ఇశ్రాయేలీయులది మాత్రమే కాదు. నేటి ఇరాక్ దేశంలో త్రవ్వకాలలో బయటపడిన ఎష్నున్నా నగర శాసనాలు క్రీస్తు పూర్వం 18వ శతాబ్దికి చెందినవి. వాటిలో కుక్క కాటు గురించే ఒక శాసనం ఉంది. కరిచే కుక్క ఉందని పేట అధికారులు యజమానికి తెలియజేసినా అతడు దానిని అదుపులో ఉంచక, అది ఒక మనిషిని కరిచి చంపితే 40 షెకెలుల వెండి చెల్లించాలి. చనిపోయినవాడు బానిస అయితే 15 షెకెలులు చాలు. బానిస ప్రాణాన్ని తక్కువకు తూచిన ఆ లెక్క మనకు నచ్చదు. అయితే కూలివాని బిడ్డ కాలికి పండ్లు, బిస్కెట్లు సరిపోతాయనుకున్న నా లెక్క మాత్రం దానికంటె గొప్పదా?

రోమనులు మరొక అడుగు వేశారు. క్రీస్తు పూర్వం 450 ప్రాంతపు పన్నెండు ఫలకాల చట్టం ప్రకారం, పశువు వల్ల నష్టం జరిగితే యజమాని నష్టమైనా చెల్లించాలి, పశువునైనా అప్పగించాలి. ఆ తరువాతి కాలంలో నగరాధికారుల ప్రకటన ఒకటి, ప్రజలు నడిచే దారి పక్కన కుక్కను, అడవి పందిని, ఎలుగుబంటిని, సింహాన్ని హాని కలిగేటట్లు ఉంచరాదని నిషేధించింది. ఆ జాబితాలో సింహం పక్కనే కుక్క కూడా ఉండటం గమనించండి.

చుక్కాని పట్టినవాడు

"నేను కరవలేదు కదా, కుక్క కరిచింది. నేను కరవమని చెప్పలేదు కదా" అనవచ్చు. ఈ ప్రశ్నకు పునీత తోమాసు అక్వినాసు ఒక ఉదాహరణ ఇచ్చారు. ఓడ మునిగింది. చుక్కాని పట్టవలసినవాడు పట్టలేదు. ఓడను ముంచాలని అతడు ఏ పనీ చేయలేదు, కేవలం చేయవలసినది మానివేశాడు. అయినా ఓడ మునగడం అతని లెక్కలోనే పడుతుంది. కాని ఇందుకు రెండు షరతులు ఉండాలి. ఒకటి, అతడు చుక్కాని పట్టగలవాడై ఉండాలి. రెండు, పట్టవలసినవాడై ఉండాలి.

చేయగలవాడా? చేయవలసినవాడా? ఈ రెండు ప్రశ్నలను గుర్తుంచుకోండి. కుక్క కాటు విషయంలో ఇంటివారు మొదలుకొని మునిసిపాలిటీ వరకు ఎవరి బాధ్యత ఎంతో ఈ రెండు ప్రశ్నలతోనే తూచవచ్చు. నా మట్టుకు నేను గొలుసు వేయగలవాడిని, వేయవలసినవాడిని, పైగా హెచ్చరిక విన్నవాడిని.

గొర్రెకు ఒక న్యాయం, బిడ్డకు ఒక న్యాయం

మన దేశంలో పరిహారపు దావాలకు మూలం ఇంగ్లండు న్యాయ సంప్రదాయం. అక్కడ పాత పద్ధతి ఏమిటంటే, కుక్కకు కరిచే గుణం ఉందని యజమానికి ముందే తెలుసునని గాయపడినవాడు రుజువు చేయాలి. అందుకే "మొదటి కాటు ఉచితం" అని న్యాయవాదులు వేళాకోళంగా అనేవారు. అయితే 1865లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసి, కుక్క గొర్రెనో పశువునో కరిస్తే యజమానికి ముందే తెలుసునని రుజువు చేయనవసరం లేదన్నది. గొర్రె యజమానికి దక్కిన ఆ సౌకర్యం కరవబడిన పసిబిడ్డకు దక్కలేదు. ఆస్తి ఉన్నవారి నష్టం చట్టానికి ముందుగా కనబడటం ఏ దేశానికీ కొత్త కాదు.

"ముందే తెలియడం" అంటే కుక్క ముందొకసారి కరిచి ఉండటమే కానవసరం లేదు. మనుషుల మీదికి ఉరకడం, బట్టలు పట్టి లాగడం, ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయడం కూడా ఎరుకకు సాక్ష్యాలే. అంతేకాక, కుక్క గుణం తెలియకపోయినా, గేటు తీసి వదిలిన అజాగ్రత్త రుజువైతే, ఆ అజాగ్రత్తకు వేరుగా బాధ్యత ఉంటుంది.

మరి "కుక్క ఉన్నది జాగ్రత్త" అని బోర్డు పెడితే చాలదా? ఈ బోర్డు చాలా పాతది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద కింద కప్పబడిపోయిన పాంపే నగరంలో, ఒక ఇంటి గుమ్మంలో గొలుసుతో ఉన్న కుక్క బొమ్మ, దాని కింద ఇదే హెచ్చరిక, రంగురాళ్ళతో చేసినవి నేటికీ ఉన్నాయి. అయితే 1830లో ఇంగ్లండు న్యాయస్థానంలో ఒక దావా నడిచింది. కుక్క కరిచిన మనిషికి చదువు రాదు. బోర్డు ఉన్నా అతడు చదవలేడు కనుక ఆ బోర్డు యజమానిని కాపాడలేదు. మన ఇళ్ళకు వచ్చే పసిపిల్లలు, చదువురాని ముసలివారు ఆ బోర్డును ఎలా చదువుతారు? పైగా ఆ బోర్డు, తన కుక్క ప్రమాదకరమని యజమానికి తెలుసుననడానికి సాక్ష్యంగా కూడా నిలవవచ్చు.

మన చట్టం ఏమంటుంది?

1860 నాటి భారత శిక్షాస్మృతిలో 289వ సెక్షను, తన వశంలోని జంతువు వల్ల మనుషులకు అపాయం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 291వ సెక్షను అయింది. జైలు శిక్ష అంతే, జరిమానా మాత్రం 5,000 రూపాయల వరకు పెరిగింది. ఫిర్యాదు పోలీసు స్టేషనులో ఇవ్వాలి.

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. జరిమానా ప్రభుత్వానికి చేరుతుంది గాని గాయపడినవానికి దానంతటదే చేరదు. శిక్ష విధించేటప్పుడు మేజిస్ట్రేటు ఆ సొమ్ములో నుండి బాధితునికి ఇప్పించవచ్చు. పూర్తి నష్టపరిహారం కావాలంటే సివిలు కోర్టులో దావా వేయాలి. అందులో మందుల ఖర్చు, ప్రయాణపు ఖర్చు, గాయపడినవారి కూలి, మచ్చ, భయం, బాధ, ముందు ముందు అవసరమయ్యే వైద్యం అన్నీ అడగవచ్చు. బిడ్డ గాయపడితే కనిపెట్టుకొని ఉన్న తల్లిదండ్రులు పోగొట్టుకున్న కూలిని కూడా కోర్టు ముందు పెట్టవచ్చు.

"కోర్టుకు పోయే స్తోమత మాకెక్కడిది?" అంటారు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు, తక్కువ ఆదాయం కలవారికి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ కార్యాలయం ఉంటుంది. దావా వేయకముందే ఇరుపక్షాలను పిలిపించి లోక్ అదాలత్‌లో రాజీ చేయించే వీలుంది. అక్కడ కోర్టు ఫీజు లేదు, కుదిరిన రాజీకి కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది. ఒకే వీధిలో బతకవలసినవారికి ఇది మేలైన దారి.

యజమాని లేని కుక్క కరిస్తే?

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేట ప్రాంతంలో వీధికుక్కల దాడికి నాలుగేళ్ళ బాలుడు బలి అయిన సంగతి మనం మరువలేదు. అక్కడ యజమాని ఎవరు? మన రెండు ప్రశ్నలను మళ్ళీ అడుగుదాం. 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం చేసిన జంతు జనన నియంత్రణ నియమాలు జవాబు చెబుతున్నాయి. పెంపుడు కుక్కకు టీకా, సంతాన నియంత్రణ యజమాని బాధ్యత. వీధికుక్కలకు ఈ రెండూ చేయించడం స్థానిక సంస్థల బాధ్యత. చేయవలసినవారు చేయనప్పుడు పరిహారం కోసం హైకోర్టులో రిట్ వేయవచ్చు. ప్రభుత్వ వ్యవస్థ తప్పిదం వల్ల ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే రిట్ ద్వారానే పరిహారం ఇప్పించవచ్చునని సుప్రీంకోర్టు 1993లో నీలబతి బెహెరా కేసులో చెప్పింది. అది లాకప్ మరణపు కేసు అయినా దాని సూత్రం ఎంతో మందికి ఆసరా అయింది.

కుక్క కాట్ల విషయంలోనే చూస్తే, 2016లో సుప్రీంకోర్టు కేరళలో బాధితుల పరిహారాన్ని పరిశీలించడానికి జస్టిస్ సిరిజగన్ కమిటీని ఏర్పరచింది. 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు మరింత స్పష్టంగా లెక్క కట్టింది. ఒక్కొక్క పంటి గాటుకు కనీసం 10,000 రూపాయలు. కండ ఊడితే ప్రతి 0.2 సెంటీమీటరు గాయానికి కనీసం 20,000 రూపాయలు. ముందుగా ప్రభుత్వం చెల్లించాలి, ఆ తర్వాత తప్పు చేసిన సంస్థ నుండో వ్యక్తి నుండో రాబట్టుకోవాలి. ఈ తీర్పు పంజాబ్, హర్యానా, చండీగఢ్‌లకు చెందినది. మన తెలుగు రాష్ట్రాలలో దీనిని కోర్టుకు ఉదాహరణగా చూపవచ్చు గాని, ఇక్కడ అదే రేటు దానంతటదే దొరుకుతుందని ఎవరూ అనుకోరాదు.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, పట్టిన వీధికుక్కలకు ఆపరేషను, టీకా చేయించి తిరిగి అదే చోట వదలాలని, రేబిస్ సోకినవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలరాదని, తిండి పెట్టేవారు అందుకు కేటాయించిన చోటనే పెట్టాలని ఆదేశించింది. 2025 నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు మొదలైన చోట్ల నుండి కుక్కలను తొలగించి, ఆ ఆవరణలను ప్రహరీలతో, గేట్లతో భద్రపరచాలన్నది. బడులు నడుపుతున్న మన సంస్థలు ఈ మాటను తమకే చెప్పినట్లు వినాలి. అలాగని కుక్కలకు విషం పెట్టడం పరిష్కారం కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం అది నేరం. మాంసం వ్యర్థాలను వీధి మలుపులో పారవేసి, ఆ తర్వాత కుక్కలు పెరిగాయని అర్జీ పెట్టే మనకు కూడా ఆ రెండు ప్రశ్నలు వర్తిస్తాయి.

కరిచిన వెంటనే చేయవలసినవి

1. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలపాటు కడగాలి. పసుపు, కారం, సున్నం, పసరు ఏదీ పూయరాదు.

2. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రేబిస్ లక్షణాలు కనబడిన తర్వాత మనిషి బతకడం దాదాపు అసాధ్యం. లూయీ పాస్టర్ 1885 జూలై 6న కుక్క కరిచిన ఒక బాలునికి మొదటిసారి టీకా వేసి చూపిన దారి ఈనాడు మన ప్రభుత్వాసుపత్రిలోనే ఉంది. చర్మంలో వేసే టీకా అయితే మొదటి రోజు, తిరిగి 3, 7, 28వ రోజులలో వేస్తారు. చర్మం చీలి రక్తం వస్తే గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. కూలి పోతుందని మధ్యలో మానవద్దు.

3. కుక్కను చంపవద్దు. పది రోజులు కట్టి ఉంచి గమనించాలి. దాని టీకా కార్డు చూపించడం యజమాని ధర్మం.

4. ఆసుపత్రి చీటీ, టీకా కార్డు, బిల్లులు, గాయం ఫోటో దాచి ఉంచండి. చూసినవారి పేర్లు, తేదీ, సమయం రాసిపెట్టుకోండి. అంతకు ముందు ఆ కుక్క ఎవరి మీదికైనా వచ్చిందేమో అడిగి తెలుసుకోండి.

5. పోలీసులకు గాని, మునిసిపాలిటీకి లేదా పంచాయతీకి గాని ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ రోజు మీరిచ్చిన ఆ కాగితమే రేపు మరొక బిడ్డ విషయంలో "వారికి ముందే తెలుసు" అనడానికి సాక్ష్యమవుతుంది.

దానం కాదు, బాకీ

తిరిగి నా కథకు వస్తాను. మరునాటి ఉదయం దివ్యబలిపూజకు పీఠం దగ్గర నిలబడినప్పుడు, సహోదరునికి నీ మీద ఏదైనా ఉన్నదని గుర్తుకు వస్తే కానుకను అక్కడే విడిచి వెళ్ళి ముందు సమాధానపడమన్న ప్రభువు బోధ (మత్తయి 5:23-24) గుర్తుకు వచ్చింది. ఆ తల్లి నామీద ఏమీ పెట్టుకోలేదు. కాని లెక్క ఉంది.

ఇద్దరు పెద్దలను పిలిచి ఆ లెక్క వేయమన్నాను. పదకొండు రోజుల కోత కూలి, రానుపోను చార్జీలు, చిరిగిన నిక్కరు, బాబు పడిన బాధకు వారు తగినదనుకున్న మొత్తం. "గుడి సొమ్ములో నుండి ఇద్దామండీ" అన్నారు ఒక పెద్ద. అది తగదు. గుడి సొమ్ము ఆ కూలివారు ఆదివారం కానుకగా వేసినదే. నా అజాగ్రత్తకు వారిచేత ఎందుకు చెల్లించాలి? నా సొంత సొమ్ములో నుండి తీసి ఆ ఇంటికి వెళ్ళాను. ఆమె మళ్ళీ వద్దన్నది. "ఇది దేవుని సొమ్ము కాదమ్మా, దానం కూడా కాదు. నీకు నేను పడిన బాకీ" అన్నాను. కొంచెం సేపు ఆలోచించి తీసుకొని, లెక్క పెట్టుకుంది. లెక్క పెట్టుకోవడం చూసి నాకు సంతోషం కలిగింది. దానమైతే ఎవరూ ఎదుట లెక్కపెట్టరు. బాకీని మాత్రమే లెక్కపెట్టుకుంటారు.

దానం ఇచ్చినవాడు పెద్దవాడవుతాడు, పుచ్చుకున్నవాడు చిన్నవాడవుతాడు. పరిహారం ఇద్దరినీ సమానంగా నిలబెడుతుంది. జక్కయ కూడా పేదలకు ఇచ్చేదాన్ని, తాను అన్యాయం చేసినవారికి తిరిగి ఇచ్చేదాన్ని ఒకే పద్దులో కలపలేదు (లూకా 19:8). పాపసంకీర్తనంలో క్షమాపణ దొరుకుతుంది గాని, అది పొరుగువాని నష్టానికి రసీదు కాదు.

కుక్క ఇప్పటికీ ఉంది. పగలు గొలుసుతో ఉంటుంది, రాత్రి గేటు తాళం వేశాకనే వదులుతారు. ఏటా టీకా వేయిస్తారు. ఆ బాబు మాత్రం, నేను ఆ విచారణ విడిచి వచ్చేవరకు ఆ మెట్లెక్కలేదు. కింద నిలబడే "ఫాదర్‌గారూ" అని పిలిచేవాడు. అన్ని నష్టాలకు లెక్క ఉండదు. లెక్కకు వచ్చినదైనా మనం చెల్లించాలి.

కుటుంబ ప్రార్థన తరువాత ఆలోచించుకొనడానికి:

1. మన ఇంటి కుక్కను గురించి ఎవరైనా మనకు ఏదైనా చెప్పారా? చెబితే ఏమి చేశాం?

2. మన వల్ల నష్టపోయి, మన మీద గౌరవంతోనో భయంతోనో "పోనీండి" అన్నవారు ఎవరైనా ఉన్నారా?

3. వారికి మనం ఇచ్చింది దానమా, బాకీయా?